కొమ్మ చివర గుర్తు

జీవపరిణామం గురించి మా నాన్నకు తెలిసిందల్లా కోతికి తోక ఊడి మనిషయ్యాడన్నంతవరకే. అలాంటి మనిషి పరిణామం మీద గీసిన బొమ్మ రాష్ట్రమంతా గోడలకెక్కింది. ఆయన కన్నకూతుర్ని, పైగా జువాలజీ లెక్చరర్‌ని, నేను కూడా దాన్ని తీసుకెళ్ళి మా కాలేజీ ల్యాబులో అంటించాను.

నాన్న పేరు కోటేశ్వరరావు. విజయవాడలో ఒక దినపత్రికలో సంపాదకీయం పేజీకి బొమ్మలు వేస్తాడు. మూలన ‘కోట’ అని సంతకం. ‘వంశరక్ష’ ఇంజెక్షన్ వచ్చిన కొత్తలో వాళ్ళ పత్రిక ఆదివారం పెద్ద వ్యాసం వేస్తే, దానికి నాన్నే బొమ్మ గీశాడు. పేజీ నిండా చెట్టు. మొదలు దగ్గర చేపలు, పైన కప్పలు, బల్లులు, ఓ కొమ్మన కోతులు, అన్నిటికీ పైన మనుషుల కొమ్మ. ఆ కొమ్మ చివర రెండుగా చీలింది. ఒక చీలికకి మామూలు ఆకులు. రెండోదాని పక్కన చిన్న సూది బొమ్మ, కొసన ఎర్రటి చిగురు. కాండం చుట్టూ తీగలాగా డీఎన్‌ఏ.

అచ్చయిన రోజే ఫోన్ చేసి నాన్నని ఏడిపించాను.

“డీఎన్‌ఏని ఎడమకి తిప్పావు నాన్నా. అది కుడికి తిరగాలి. నీ చెట్టు మీదున్న ప్రాణి ఒక్కటీ ఈ లోకానిది కాదు.”

“ఎటు తిరిగితే ఏంటే? తీగ అందంగా ఉందా, లేదా?”

అప్పట్నించీ ఆ తప్పు పట్టుకోమని క్లాసులో పిల్లలకి పరీక్ష పెట్టేదాన్ని. తప్పులు పట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకో పొగరు. చిగురు వైపు మాత్రం ఒక్కసారైనా అనుమానంగా చూడలేదు.

వంశరక్షని అయిదో నెలలో తల్లి బొడ్డు పక్కన వేస్తారు. కడుపులో ఉన్న బిడ్డకి షుగరు తెచ్చే జన్యువుల్ని అది సరిచేస్తుంది. ఆ బిడ్డకి పుట్టబోయే బిడ్డలకి కూడా ఆ సవరణ అలాగే వెళ్తుంది. ఒక్క సూది పొడిపించుకుంటే ఆ ఇంట్లో మళ్ళీ షుగరన్న మాట వినపడదు. ఊరూరా ఉచితంగా క్యాంపులు పెట్టారు. క్యాంపు ఎక్కడుంటే అక్కడ నాన్న చెట్టు, నాన్న చిగురు.

మా అమ్మకి మొదట కాలి బొటనవేలు తీశారు. తర్వాత పాదం తీశారు. తర్వాత కిడ్నీలు పోయాయి, ఆ తర్వాత అమ్మే పోయింది. మా చెల్లెలు తులసికి షుగరు చిన్నప్పుడే వచ్చింది. బడి సంచిలో టిఫిన్ డబ్బా పక్కన ఇన్సులిన్ పెట్టుకుని వెళ్ళేది. ఇదంతా చూసినదాన్ని, వంశరక్ష వేయించుకోవడానికి నేను రెండోసారి ఆలోచిస్తానా? నా వంతు రాగానే వేయించుకున్నాను. క్యాంపు గోడ మీద నాన్న సంతకం చూసి మురిసిపోయాను కూడా.

ఇప్పుడు నాకు ఎనిమిదో నెల. తులసికి అయిదో నెల నడుస్తోంది. సోమవారం దాని వంతు.

ఆ ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం, నాన్న దగ్గర భోజనానికి కూర్చున్నాను. అమ్మ పోయాక నాన్న వంట నేర్చుకున్నాడు. ఉప్పు ఎంత వెయ్యాలో ఇంకా నేర్చుకోలేదు. ఆయన వండిన గుత్తివంకాయ తింటూ, తులసి కూడా రేపు వేయించేసుకుంటే నా గుండెల మీద బరువు దిగుతుందని అన్నాను.

“అంతా ఆ చిగురు చలవ” అన్నాడు నాన్న. “అసలు చిగురు నా బుర్రలోది కాదే రేణుకా. సిలువ వల్ల వచ్చింది.”

“సిలువేంటి?”

“వ్యాసంతోపాటు ఈ వంశరక్ష కనిపెట్టిన ల్యాబు నించి ఓ చెట్టు గీసి పంపారు. అక్కడ డాక్టర్ కృపామణి అని ఓ సైంటిస్టు ఉంది, ఆవిడ గీసింది. ఉట్టి గీతలే అనుకో. సూది పెట్టిన కొమ్మ ఉందే, దాని చివర ఆవిడ సిలువ పెట్టింది. నేను ఉన్నదున్నట్టు దించేశా. మా ఎడిటర్ చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ‘కోటా! ఆవిడ పేరు చూడు, ఆవిడ పెట్టిన గుర్తు చూడు! కోతుల పక్కన మా సిలువ పెడతారా అని వాళ్ళొచ్చి ఆఫీసు ముందు కూర్చుంటారు. సూదితోపాటు మతం ఎక్కిస్తున్నారా అని వీళ్ళొచ్చి కూర్చుంటారు. ముందు దాన్ని పీకెయ్’ అన్నాడు.”

నాన్న నవ్వుతూ చారు పోసుకున్నాడు.

“పీకేస్తే అక్కడ బోడిగా ఉంది. పువ్వు పెడదామంటే ఓ పార్టీ గుర్తు. చెయ్యి పెడదామంటే ఇంకో పార్టీ. సూర్యుణ్ణి పెడదామంటే పక్క రాష్ట్రంవాళ్ళది. ఏ పార్టీకీ పట్టనిది చిగురొక్కటే దొరికింది. అదీ సంగతి.”

నేనూ నవ్వాను. సగం నవ్వులో నాలోని లెక్చరరు లేచింది.

“సిలువ ఎక్కడ పెట్టింది నాన్నా? కొమ్మ మధ్యలోనా, చివరా?”

“సరిగ్గా కొసన. కొమ్మ అక్కడితో ఆగిపోయింది. దాని నెత్తిన సిలువ.”

“ఎలా ఉందో గీసి చూపించు.”

నాన్న వేలు చారులో ముంచి స్టీలు కంచం అంచు మీద గీశాడు. ఒక గీత. దాని చివర చిన్న గుర్తు. రెండు పక్కలా పొట్టి చేతులు, కింద పొడుగాటి కాలు.

“ఈ కాలు చివర మొన తేలి ఉంటుంది” అంటూ గోటితో సన్నగా లాగాడు. “చర్చికెళ్ళే మనిషికి సిలువ గియ్యడం కూడా రాదేంటా అనుకున్నా.”

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

“నాన్నా, అది సిలువ కాదు.”

“మరేంటి?”

“బాకు. జీవుల చెట్టులో ఏ కొమ్మ చివర ఆ గుర్తు పెట్టినా అర్థం ఒకటే. ఆ జాతి అంతరించిపోయిందని. డైనోసార్లకి పెడతారు అది.”

నాన్నకి వెంటనే అర్థం కాలేదు. కంచం వైపు చూశాడు. తర్వాత నా కడుపు వైపు చూశాడు. అప్పుడు ఆయన మొహంలో రక్తం ఇంకిపోవడం నేను కళ్ళారా చూశాను.

“కాదులేవే” అన్నాడు. “ఆవిడ... ఏదో అలంకారానికి పెట్టుంటుంది.”

సైంటిస్టులు అలంకారానికి ఏదీ పెట్టరు. నేను చెయ్యి కడుక్కుని ఆటో పిలిచాను. నాన్న ఎంగిలి చేత్తోనే వచ్చి ఎక్కాడు.

ల్యాబు కృష్ణకి అవతల, ఊరి బయట ఉంది. ఆదివారం కాబట్టి లోపల ఎవరూ ఉండరనుకున్నాను. కృపామణిగారు ఉన్నారు. యాభై దాటిన మనిషి, చర్చి నించి నేరుగా వచ్చినట్టున్నారు, తెల్లచీర కొంగు నడుముకి దోపుకుని ఎలుకల బోనుల్లో మేత వేస్తున్నారు. నాన్న తన పేరు చెప్పుకున్నాడు. ఆవిడ చేతిలో డబ్బా ఠక్కున కింద పెట్టారు.

“కోటగారా? ఇంకా ఏం మార్చాలని వచ్చారు?”

“అమ్మా, నేను... అది సిలువ అనుకున్నాను.”

“ఏది?”

“కొమ్మ చివర మీరు పెట్టింది. మీ పేరు చూసి...”

ఆవిడ గోడ పట్టుకుని స్టూలు మీద కూలబడ్డారు.

“చర్చికెళ్తానండీ, నిజమే. అంతమాత్రాన చెట్ల కొమ్మలకి సిలువలెందుకు పెడతాను? నేను చావు గుర్తు పెడితే మీరు చిగురు తొడిగారు. ఈ సూది తయారుచేసే కంపెనీవాళ్ళకి అమ్ముడుపోయి, నన్ను ఎగతాళి చెయ్యడానికే అలా వేశారనుకున్నాను. ఇంక ఎవరికి చెప్పినా ఇంతేననుకుని నోరు మూసుకున్నాను. మీరేమో సిలువనుకున్నారు!”

ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు వింటుంటే నాకు భయం వేసింది.

“మేడమ్, నేను జువాలజీ చెబుతాను. జరిగింది చెప్పండి” అన్నాను.

ఆవిడ బోనులు చూపిస్తూ చెప్పారు. రూలు ప్రకారం ఎలుకల్లో మనవల దాకా చూస్తే చాలట. సూది వేసిన తల్లులకి పిల్లలు పుట్టాయి. ఆ పిల్లలకి పిల్లలు పుట్టాయి. అన్నీ బొద్దుగా ఉన్నాయి, ఒక్కదానికీ షుగరు లేదు. డైరెక్టర్ మిఠాయిలు పంచి, ఇక బోనులు ఖాళీ చెయ్యమన్నాడు. ఖాళీ చెయ్యడమంటే చంపెయ్యడమే.

“నాకు చంపబుద్ధి కాలేదమ్మా. మేత వేస్తూ ఉండనిచ్చాను. ఇదిగో ఇవన్నీ మనవలే. వీటికి పిల్లలు పుట్టలేదు. ఒక్క బోనులో కూడా మునిమనవడన్నవాడు లేడు.”

“సూది ఎరగని ఎలుకలతో కలిపి చూశారా?”

“చూశాను. అయినా పుట్టలేదు. సవరించిన జన్యువు రెండు తరాలు దిగేసరికి ఆడవాటిలో అండాలు లేవు, మగవాటిలో బీజాలు లేవు. ఎందుకని అడక్కు, నాకింకా తెలీదు. కొమ్మ అక్కడితో ఆగిపోతోంది, అంతే తెలుసు.”

కింది వరసలో ఒక ఆడ ఎలుక దూది పీకి మూలకి లాగుతోంది. వెంట్రుకలు నిగనిగలాడుతున్నాయి. నేను చూస్తున్నానని ఆవిడ గమనించారు.

“అది ఊరికే గూడు కడుతుంటుంది” అన్నారు. “కట్టి, అందులో ఒక్కతే పడుకుంటుంది.”

డైరెక్టర్‌కి అప్పుడే చెప్పారట. ఎలుకలు మనుషులు కావన్నాడట. మనుషుల్లో ఆ తరం పెళ్ళీడుకి రావడానికి ఇంకా యాభై ఏళ్ళు పడుతుందని, ఈలోపు విరుగుడు కనిపెట్టుకుందాంలే అని చెప్పి, బయట నోరు విప్పితే జైలేనని సంతకం పెట్టించుకున్నాడట. ఆ వారమే పత్రికవాళ్ళు బొమ్మకి చెట్టు గీసిమ్మని అడిగారు. ఆ పని ఆవిడ మీద పడింది. నోరు విప్పనని సంతకం పెట్టారు గానీ గీత గియ్యనని పెట్టలేదు.

“ఇంత రాష్ట్రంలో ఒక్క జువాలజీ టీచరైనా చూడకపోతారా, ఈ గుర్తు ఇక్కడెందుకుందని అడక్కపోతారా అనుకున్నాను” అన్నారు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ బొమ్మ పెట్టుకుని ఎంతమంది పిల్లలకి పాఠం చెప్పాను! డీఎన్‌ఏ ఎటు తిరిగిందో చూశాను. సూది పెట్టిన కొమ్మ చిగురేస్తుందని ఎవరు చెప్పారు, ఏ లెక్కన చెప్పారు అని మాత్రం అడగలేదు.

చెప్పే ధ్యాసలో ఆవిడ చూపు అప్పటిదాకా నా కడుపు మీద పడనేలేదు. పడగానే మాట ఆగిపోయింది.

“నువ్వు కూడానా?”

తల ఊపాను. ఆవిడ లేచొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

“నీ బిడ్డ బాగుంటుంది తల్లీ. నీ మనవలు కూడా బాగుంటారు.”

అక్కడితో ఆగిపోయారు. ఆ తర్వాత చెప్పడానికి ఎవరూ లేరు.

“వెనక్కి తియ్యడానికి ఏమీ లేదా మేడమ్?”

లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు. కడుపులో నా బిడ్డ పక్కకి తిరిగింది. నాకు ఆ గదిలోంచి పరిగెత్తాలనిపించింది. ఎక్కడికి పరిగెత్తినా దాన్ని నాతోనే తీసుకెళ్ళాలి కదా.

సాయంత్రం నాన్న పత్రికాఫీసుకి వెళ్ళాడు. ఎడిటర్ అంతా విని, రుజువు కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగాడట. ఎలుకల్ని నమ్ముకుని రాస్తే పేపరు మూసుకోవాలన్నాడట. చివరికి జాలిపడి, ‘ఫలానా బొమ్మలో సాంకేతిక లోపం దొర్లినందుకు చింతిస్తున్నాం’ అని లోపలి పేజీలో రెండు లైన్లు వేద్దామన్నాడట. నాన్న ఇంటికొచ్చి ఇదంతా చెప్పి వరండాలో కూర్చున్నాడు. నేను తులసికి ఫోన్ చేశాను. టోకెన్ కోసం తెల్లారకముందే లైన్లో ఉండాలి, పడుకోనీవే అని పెట్టేసింది. ఇది ఫోన్లో చెప్పే మాట కాదులే, పొద్దున్నే వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొద్దామనుకున్నాను. చెప్పగానే వచ్చేస్తుందని నాకు అనుమానమే లేదు.

క్యాంపు ఒక కల్యాణమండపంలో పెట్టారు. బయట షామియానా, దాని కింద ఆడవాళ్ళ లైను రోడ్డు దాకా ఉంది. తులసి అప్పటికే గుమ్మం దగ్గరికి వచ్చేసింది.

“ఈ ఎండలో నువ్వెందుకొచ్చావే అక్కా? నాన్నని కూడా తీసుకొచ్చావా?”

“ఇటు రా, మాట్లాడాలి.”

“లైను పోతుందే. ఇక్కడే చెప్పు.”

అక్కడే చెప్పాను. ముందున్నవాళ్ళు, వెనకున్నవాళ్ళు వింటూనే ఉన్నారు. విననీ అనుకున్నాను, అందరూ వినాలనే గొంతు పెంచాను. బాకు గుర్తు, ఎలుకలు, ఆగిపోయిన కొమ్మ, అన్నీ చెప్పాను. తులసి మధ్యలో అడ్డు రాలేదు.

“నా పిల్లకేమీ కాదుగా?” అంది చివరికి.

“కాదు.”

“దాని పిల్లలకి?”

“వాళ్ళూ బాగానే ఉంటారు. కానీ వాళ్ళకి పిల్లలు పుట్టరే. ఎవరిని పెళ్ళి చేసుకున్నా పుట్టరు. అక్కడితో మనం ఆఖరు. ఇంతమంది వేయించుకుంటుంటే ఎన్ని ఇళ్ళు ఆఖరో ఆలోచించు.”

“షుగరు మాత్రం రాదు.”

“తులసీ, నేను చెప్పేది వింటున్నావా?”

“విన్నానక్కా.” అది తన చెయ్యి నా మొహం ముందు పెట్టింది. వేళ్ళ చివర్లు పొడిచి పొడిచి నల్లగా గట్టిపడి ఉన్నాయి. “పొద్దున లేస్తే ఇదీ నా బతుకు. కడుపులో ఉన్న దీనికీ ఇదే ఇవ్వమంటావా? అమ్మ పాదం తీసినప్పుడు కట్టు విప్పితే నువ్వు చూడలేనని బయటికి పరిగెత్తావు. నేనే కడిగాను. ఎముక కనపడేది. యాభై ఏళ్ళ తర్వాత పుట్టాల్సినవాళ్ళు ఎవరో నాకు తెలీదే. వాళ్ళ పేర్లు తెలీదు, మొహాలు తెలీదు. ఇది తెలుసు. రాత్రి నించీ తంతోంది.”

నాన్న ముందుకొచ్చాడు.

“తులసమ్మా, ఆ బొమ్మ తప్పమ్మా. నేను వేసింది తప్పు. నా మాట విను, ఇంటికి పోదాం.”

“నేను నీ బొమ్మ చూసి రాలేదు నాన్నా” అంది. “అమ్మని చూసి వచ్చాను.”

నాన్న రెండడుగులు వెనక్కి వేశాడు. తులసి నా వైపు తిరిగింది.

“ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఈ సంగతి నీకు ముందే తెలుసనుకో. మానేసేదానివా?”

మానేసేదాన్నే అని వెంటనే అనాలి. ఆ మాట కోసమే అంత దూరం వెళ్ళాను. జువాలజీ చదివాను, ఒక జాతి అంతరించడమంటే ఏంటో పిల్లలకి బోర్డు మీద వేసి చెబుతాను. నోరు తెరిచాను. అమ్మ పాదం కళ్ళ ముందుకొచ్చింది, నా కడుపులో బిడ్డ కదిలింది, మాట రాలేదు.

లోపలి నించి నర్సు తులసి పేరు పిలిచింది. అది హ్యాండుబ్యాగు నా చేతిలో పెట్టి, చెంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

లైన్లో ఉన్నవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. నేను చెప్పిందంతా వాళ్ళు విన్నారు. ఒక్కరైనా బయటికి వస్తారని ఒక్కొక్కరి మొహం వెతికాను. తులసి వెనక నిలబడ్డ అమ్మాయికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. నన్ను చూసింది, కళ్ళు తుడుచుకుంది, తులసి ఖాళీ చేసిన చోటికి జరిగింది. ఆ అమ్మాయి వెనకావిడ జరిగింది. ఆవిడ వెనకావిడ కూడా. రోడ్డు దాకా ఉన్న లైనంతా ఒక అడుగు ముందుకొచ్చింది.